కొండవాళ్ళ పెట్టెలు

మా బావ కట్టుడు పళ్ళు చేసేవాడు. ఇంటి ముందు గదే ఆయన పనిచోటు. డాక్టర్లు నోటి అచ్చులు పంపిస్తే వాటిలో ప్లాస్టర్ పోసి, మైనంలో పళ్ళ వరస నిలబెట్టి, సెట్టు తయారుచేసి తిరిగి పంపించేవాడు. అలవాటుకొద్దీ అన్నీ ఆయన ఖాతాలో వేస్తున్నాను గానీ, మైనం పని మా అక్కది. ఏ పన్ను ఎంత వాలుగా ఉండాలో, మనిషి నవ్వితే ఎంత కనపడాలో ఆమె చేతికే తెలుసు. బావ ప్లాస్టర్ కలిపేవాడు, అచ్చులు తీసేవాడు, మెరుగు పెట్టేవాడు, డాక్టర్లతో ఫోన్లో గట్టిగా మాట్లాడేవాడు. బయట బోర్డు మీద ఉన్నది ఆయన పేరే.

నేను వాళ్ళతోనే ఉండేవాణ్ణి. అమ్మ పోయిన దగ్గర్నుంచీ నాకు ఇల్లంటే అక్క ఉన్న ఇల్లే. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో మెకానిక్కుని. రెండంతస్తుల మధ్య ఎవరైనా ఇరుక్కుపోతే వెళ్ళి బయటికి లాగడం నా ఉద్యోగం. ఆ వానాకాలమంతా నేనే అలా ఇరుక్కుపోయాను, పైకీ కిందికీ కాకుండా. ఇరుక్కున్నానన్న సంగతి కూడా చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆదివారం మధ్యాహ్నం అయిందంటే ముందు గదిలోని ట్రేలన్నీ గోడవారకి చేరేవి. పొడవాటి పనిబల్ల మీద ఆకుపచ్చ దుప్పటి పరిచేవాళ్ళం. దాని మీద కొండలు. అవి పళ్ళ ప్లాస్టర్‌తో బావ పోత పోసినవి. చెట్లు స్పాంజి ముక్కలు, నది నీలం రిబ్బను. సైన్యాలు సీసం బొమ్మలు, ఒక్కొక్కటీ చిటికెన వేలిలో సగం. పూర్వం దొరలు సముద్రాలు దాటొచ్చి, ఎవరి కొండల్లోకో ఫిరంగులు లాక్కుంటూ వెళ్ళి యుద్ధాలు చేశారు కదా, ఆ కాలపు ఆట అది. ఎర్రకోట్ల పటాలం ఒకవైపు, కొండవాళ్ళు ఇంకోవైపు. టేపుతో కొలిచి బొమ్మల్ని జరపాలి. పాచికలు వేసి తుపాకులు పేల్చాలి. పడిన అంకెని బట్టి ఎవరెంతమంది కూలారో తేలుతుంది.

పటాలానికి అధిపతి బావ. ఫిరంగులు జనరల్‌వి. జనరల్ అంటే నిజం జనరల్ అనుకునేరు, టైర్ల షాపు ఆయన. ఒకసారి ఆటలో పెద్ద పదవి ఇవ్వలేదని అలిగి వెళ్ళిపోతే, బతిమాలి తీసుకొచ్చి ఆ పేరు పెట్టారు. సామాన్లు మోసే కంచరగాడిదల బారు నాది. బావమరిదికి అంతకంటే ఏమిస్తారు? అంపైరు మాస్టారు, హైస్కూల్లో భూగోళం చెప్పేవారు.

మా అందరి తాతముత్తాతలూ ఆ కాలంలో ఎటువైపు ఉండి ఉంటారో వేరే చెప్పక్కర్లేదు. అయినా బల్ల ముందుకి రాగానే అందరికీ ఎర్రకోట్లే కావాలి. కొండవాళ్ళ వైపు కూర్చునే నాథుడే లేడు. అందుకని వాళ్ళని మాస్టారే చీట్లు తీసి నడిపేవారు. ఏ చీటీ వచ్చినా వాళ్ళు అరుచుకుంటూ ఫిరంగులకి ఎదురొచ్చి చచ్చిపోయేవాళ్ళు. మేము గెలిచి టీ తాగేవాళ్ళం.

వానలు మొదలైన కొత్తలో, ఒకరోజు భోజనాల దగ్గర అక్క ఒక మాట చెప్పింది. రైలు దారికి ఆ చివరున్న పెద్ద ఊళ్ళో ఎవరో కొత్తగా పళ్ళ లాబ్ పెడుతున్నారట. మైనం సెక్షన్ మొత్తం చూసుకోవడానికి తనని రమ్మన్నారట.

"వెళ్దామనుకుంటున్నాను," అంది.

బావ నవ్వాడు. అందులో కోపం లేదు, ఎగతాళీ లేదు. చంటిపిల్ల ముద్దుమాట అంటే నవ్వినట్టు నవ్వాడు.

"నువ్వెళ్తే ఇక్కడ పళ్ళెవరు కడతారు? డాక్టర్లకి నేనేం చెప్పుకోను?"

"మీరూ రావచ్చు కదండీ. అక్కడ మీకూ పని ఉంటుంది."

"నా బోర్డు పీక్కెళ్ళి వాళ్ళ గోడకి తగిలించనా? బాగుంది సంబడం. ఆ కూర ఇలా జరుపు."

అక్క గిన్నె జరిపింది. నేను ఒకసారి ఆమెని చూశాను, ఒకసారి ఆయన్ని చూశాను. గొడవ జరిగిందో లేదో నాకు అర్థం కాలేదు. గొడవైతే గిన్నెలు చప్పుడవ్వాలి, ఎవరో ఒకరు లేచిపోవాలి. అలాంటిదేమీ లేదు. నాకు మాత్రం నా సంగతే పట్టుకుంది. అక్క వెళ్ళిపోతే నేనెక్కడుండాలి? తమ్ముణ్ణి గనక ఆమె వెంట వెళ్ళాలా, నాకు స్క్రూడ్రైవర్ పట్టుకోవడం దగ్గర్నుంచీ నేర్పించి ఉద్యోగంలో పెట్టించిన బావ దగ్గర ఉండాలా?  ఆ తర్వాత ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. గండం గడిచిందని ఊపిరి పీల్చుకున్నాను.

తర్వాతి ఆదివారం వాన దంచి కొడుతోంది. బల్ల మీద కొండవాళ్ళు యథాప్రకారం జనరల్ ఫిరంగుల ముందుకి పరిగెత్తుకొచ్చి వరసలు వరసలుగా పడిపోతున్నారు. అక్క టీ తెచ్చి, గ్లాసులు పెట్టే చోటు లేక ట్రే పట్టుకుని నిలబడింది. జనరల్ ఆ ట్రేలోంచే ఒక గ్లాసు అందుకున్నాడు.

"మాస్టారూ, వీళ్ళెప్పుడూ ఫిరంగికి ఎదురే వస్తారేం?" అంది.

"చీటీలో అలా వచ్చిందమ్మా."

"వెనక్కి వెళ్ళే చీటీ లేదా?"

మాస్టారు చీట్ల కట్టంతా తిరగేశారు. "లేదు," అన్నారు, తనే ఆశ్చర్యపోతూ.

"పక్కకి తప్పుకునేది?"

"అదీ లేదమ్మా."

"అయితే ఆ చీట్లు అవతల పెట్టండి. వీళ్ళ తరఫున నేను ఆడతాను."

జనరల్‌కి టీ పొలమారింది. బావ మాత్రం సంబరపడ్డాడు. "రా రా! చీట్లతో ఆడీ ఆడీ విసుగెత్తిపోయింది. ఇన్నాళ్ళకి బుర్రున్న శత్రువు దొరికింది," అన్నాడు. ఆ మాట నిజంగా ప్రేమగానే అన్నాడు. ఇప్పటికీ నేను అలాగే అనుకుంటున్నాను.

రెండువైపులా మనుషులే ఆడితే పద్ధతి వేరు. కొండల్లో ఎవరెక్కడున్నారో పటాలానికి ముందే తెలియకూడదు. అందుకని అక్క తన ఎత్తుగడలు వంటింట్లో మాస్టారి చెవిలో చెప్పాలి, మేము మావి వరండాలో చెప్పాలి. రెండూ తెలిసేది అంపైరు ఒక్కడికే. మా బొమ్మల కంటికి ఆనే దూరంలో వాళ్ళ బొమ్మ ఉంటే ఆయన దాన్ని తెచ్చి బల్ల మీద పెడతారు, లేకపోతే లేదు. "ఒక పక్షం మాట ఇంకో పక్షానికి చచ్చినా చెప్పను," అని మాస్టారు మొదటిరోజే కుండబద్దలు కొట్టారు. ఆయన అంతపనీ చేసే మనిషి. పరీక్ష పేపరు తయారుచేసిన ఏడాది, పరీక్ష అయ్యేదాకా సొంత కూతురితో కూడా మాట్లాడలేదని చెప్పుకునేవాళ్ళు.

బావ ఇంకో నియమం పెట్టాడు. "కొండవాళ్ళ బొమ్మలు ఇక ఈ ఇంట్లో ఉండటానికి వీల్లేదు. ఉంటే ఈ జనరల్ తొంగి చూస్తాడు. పెట్టెలో పెట్టి మాస్టారింటికి పంపించెయ్. అవతలి పక్షం పెట్టె మూత ఎత్తినవాడు ఇక నా గుమ్మం తొక్కడు."

"నేనెప్పుడు తొంగి చూశాను?" జనరల్ ఒంటికాలి మీద లేచాడు.

"పోయినేడు."

జనరల్ కూర్చున్నాడు.

అక్క ఆడటం మొదలుపెట్టాక బల్ల ఖాళీ అయిపోయింది. మా పటాలం నది ఒడ్డు నుంచి బయల్దేరింది, ఎదురు లేదు. మొదటి కనుమ దాటింది, పురుగు కూడా కనపడలేదు. కొండల మధ్యనున్న వాళ్ళ ఊరు పట్టుకుంటే గెలుపు మాది. వారం తర్వాత వారం టేపు పెట్టి కొలుస్తున్నాం, జరుపుతున్నాం. మాస్టారు వంటింట్లోకి వెళ్ళి వస్తున్నారు. చూస్తే మా ఎర్రకోట్లు తప్ప బల్ల మీద ఇంకేమీ లేవు. జనరల్ పాచికలు గుప్పెట్లో గలగలలాడించడమే గానీ వేసే అవకాశం రాలేదు.

"ఎవర్ని కాల్చాలి మాస్టారూ?"

"కనపడితే కాల్చు."

"కనపడట్లేదు కదండీ!"

"అయితే కాల్చకు."

"భయపడి దాక్కుంది," అన్నాడు బావ. "కాదు, మాటు వేసింది. నా మాట విను, గురూ, వెనక్కి పోదాం," అన్నాడు జనరల్. నాకు ఇద్దరూ నిజమే చెప్తున్నారనిపించింది. అక్క బల్లకి అవతలి పక్క కూర్చుని, చేతిలో మైనం ముక్క నలుపుతూ మా వైపు చూస్తూ ఉండేది. చూసేది బొమ్మల్నో మమ్మల్నో తెలిసేది కాదు.

"అసలు నువ్వు ఆడుతున్నావా అక్కా?" అని ఒకసారి అడిగేశాను.

"ఆడకపోతే మాస్టారు ఊరికే వంటింట్లోకి ఎందుకొస్తారు రా?"

అదీ నిజమే కదా అనుకున్నాను.

పెట్టెలు మాస్టారింటికి చేర్చడం నా వంతు. గాడిదల బారు నాదే మరి. మొదటిది చిన్న రేకు పెట్టె, చంకలో పెట్టుకుని వెళ్ళాను. తర్వాతిది కొంచెం పెద్దది. ఆ తర్వాతది స్కూటర్ వెనక తాళ్ళతో కట్టాల్సొచ్చింది. అందులో ఏముందని అడిగితే అక్క వేలు చూపించేది. "అవతలి పక్షం పెట్టె అది. అడక్కూడదు." నేను నోరు మూసుకునేవాణ్ణి. ఆట అన్నాక ఆ మాత్రం మర్యాద ఉండాలి.

ఒకసారి ఒక పెట్టె మెట్లు దింపుతుంటే నడుం పట్టేసింది. బావ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

"బావా, కొండవాళ్ళు ఇంత బరువున్నారేంటి?"

"సీసం కదరా, బరువుండదూ? బలగాన్ని బాగా పెంచుతున్నట్టుంది." ఆయన కళ్ళు మెరిశాయి. "చూస్తూ ఉండు, యుద్ధం అదిరిపోతుంది. ఏయ్ జాగ్రత్త, మూత ఊడిందంటే మళ్ళీ పేచీ." తనే కిందికి వచ్చి, తాడుకి ఇంకో ముడి వేసి గట్టిగా బిగించాడు.

మాస్టారు ఆ పెట్టెల్ని తన ముందు గదిలో పెద్ద గ్లోబు వెనక పేర్చారు. నేను వెళ్ళినప్పుడల్లా నా మొహం చూసి ఏదో అనబోయి ఆగిపోయేవారు.

"ఒంట్లో బాలేదా మాస్టారూ?"

"బాగానే ఉందయ్యా. ఈ అంపైరు పనే బాలేదు. అనవసరంగా ఒప్పుకున్నాను."

ఆయన ఆటని మరీ మనసుకి పట్టించుకుంటారని నవ్వుకుంటూ వచ్చేశాను.

ఇంట్లో వస్తువులు కనపడకుండా పోవడం కూడా అప్పుడే మొదలైంది. అల్మారాలో పై అర ఖాళీగా కనపడింది. చెమ్మ పడుతోందని తీసేసిందనుకున్నాను. వంటింటి కిటికీలో ఉండే రేడియో లేదు. బావ అడగలేదు, ఆయన పాటలు వినడు. అక్క సొంత మైనం కత్తులు, మా అమ్మ ఇచ్చిన ఇత్తడి లోటా, చలికాలపు దుప్పటి, ఒకటొకటిగా మాయమయ్యాయి. ఒక్కో దానికి నేనే ఒక్కో కారణం వెతుక్కున్నాను. అన్నీ కలిపి చూడాలని నా మట్టిబుర్రకి తట్టలేదు. అప్పుడే ఆమె పొద్దస్తమానం పని చేయడం మొదలుపెట్టింది. రాబోయే రోజులకి ఇవ్వాల్సిన సెట్లన్నీ ముందే మైనంలో తీర్చి, బల్ల కింద వరసగా పెట్టింది.

"ఎందుకక్కా ఇంత తొందర?"

"కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు కదరా."

కరెంటు పోతే మైనం పని ఎందుకు ఆగుతుందో నాకు తెలియలేదు. కొవ్వొత్తి వెలుగులో ఆమె ఎన్నోసార్లు చేసింది. అడుగుదామనుకున్నాను. ఈలోగా ఎక్కడో లిఫ్టు ఆగిపోయిందని ఫోనొచ్చింది.

ఆఖరి ఆదివారం పొద్దున అక్క గుమ్మం దగ్గర నిలబడి, "వెళ్తున్నానండీ," అంది. చేతిలో సంచి ఉంది. డాక్టరు గారికి సెట్టు ఇచ్చి రావడానికనుకున్నాం. బావ ఎర్రకోట్ల కాళ్ళకి ఊడిన రంగు వేస్తున్నాడు. తల ఎత్తకుండానే, "గొడుగు తీసుకెళ్ళు," అన్నాడు. ఆమె ఒక్క క్షణం ఆగింది. వచ్చి నా జుట్టు సరిచేసింది, నేనేదో స్కూలుకి వెళ్తున్నట్టు. "వేళకి తిను," అంది. ఎప్పుడూ 'వెళ్ళొస్తా' అనే మనిషి 'వెళ్తున్నా' అందేమిటని ఒక్కసారి అనిపించింది, మళ్ళీ మర్చిపోయాను.

మధ్యాహ్నం అందరూ వచ్చారు. అక్క ఇంకా రాలేదు. "తన ఎత్తులన్నీ ముందే చెప్పి పెట్టింది, మొదలుపెడదాం," అన్నారు మాస్టారు. ఆయన గొంతు బొంగురుగా ఉంది. జలుబనుకున్నాను.

పటాలం చివరి కొండ ఎక్కింది. మాస్టారు సంచిలోంచి గుడిసెలు తీసి బల్ల మీద పెట్టారు. ఒక్కొక్క గుడిసెకీ అక్క కుంచెతో పెట్టిన గుమ్మం, కిటికీ. బావ ఊపిరి బిగబట్టాడు. జనరల్ పాచికలు పైకెత్తాడు. మాస్టారు గుడిసెలన్నీ పెట్టడం అయిపోయి చేతులు దులుపుకున్నారు.

"జనం ఏరీ?" అన్నాడు బావ.

"ఊరు మీ చేతికి వచ్చింది. నియమం ప్రకారం గెలిచారు."

"అది సరే మాస్టారూ. వాళ్ళేరి?"

"ఆట అయిపోయింది గనక ఇప్పుడు చెప్పొచ్చు." మాస్టారు కళ్ళజోడు తీశారు. "మీరు మొదటి కనుమ దాటేసరికే వాళ్ళు బయల్దేరిపోయారు. కొద్దికొద్దిగా. పిల్లా పాపా, పశువూ, గింజా అన్నీ తీసుకుని, చుట్టుదారిన మీ వెనక్కి వచ్చి నది దాటేశారు. మీరు నడిచిన దారిలో ఎవరూ లేరు."

"ఒక్క దెబ్బ కూడా కొట్టకుండానా?"

"కొట్టకుండానే."

బావకి నవ్వాలో ఏం చెయ్యాలో తెలియలేదు. "గట్టిదే," అన్నాడు చివరికి. "రానీ, అడుగుతాను. ఇదేం ఆట అని."

"అమ్మాయి పొద్దున బండెక్కిందయ్యా," అన్నారు మాస్టారు.

"ఏ బండి?"

మాస్టారు ఆ పెద్ద ఊరి పేరు చెప్పారు. లాబ్ దగ్గరే గది తీసుకుందని, పెట్టెల్లోని సామాను తన ఇంటి నుంచి ముందే అక్కడికి చేరిందని చెప్పారు.   ఆయన అక్క గురించి చెప్తున్నారో బొమ్మల గురించి చెప్తున్నారో అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. 

బావ వంటింట్లోకి వెళ్ళి చూసొచ్చాడు. చెప్పుల్లేకుండా వానలో వీధి మలుపుదాకా వెళ్ళి తిరిగొచ్చాడు. ప్యాంటు మోకాళ్ళదాకా తడిసిపోయింది.

"మీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"చెప్పలేదేం?"

"ఒక పక్షం మాట ఇంకో..." మాస్టారు సగంలో ఆగిపోయారు.

"ఇది ఆటా, మాస్టారూ?"

"నాకూ అదే తెలీదయ్యా." పెద్దాయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "వంటింట్లో నిలబడి బొమ్మల సంగతి చెప్తూ చెప్తూ, ఒకరోజు ఈ సంగతి చెప్పింది. అదే గొంతుతో. 'పెట్టెలు మీ ఇంట్లో ఉంచండి, ఆయనకి చెప్పకండి' అంది. సరే అన్నాను. అలవాటు. ఇంటికెళ్ళాక నిద్రపట్టేది కాదు. ఇది చెప్పాల్సిందా, చెప్పకూడనిదా? ఎంత ఆలోచించినా అంపైరులాగే ఆలోచించాను గానీ మనిషిలా ఆలోచించలేకపోయాను."

జనరల్ అటూ ఇటూ చూసి, "అంటే మనం గెలిచినట్టా, ఓడినట్టా?" అన్నాడు. పాపం, ఆయనకి నిజంగానే తెలియక అడిగాడు. 

బావ నా వైపు తిరిగాడు. "మోసింది నువ్వు కదరా. ఆ పెట్టెలన్నీ."

"నాకు తెలీదు బావా. ఒట్టు."

"ఒక్కసారి కూడా మూత తీసి చూడలేదా?"

"అవతలి పక్షం పెట్టె ఎలా తీస్తాను? తీసినవాడు గుమ్మం తొక్కకూడదని నువ్వే కదా అన్నావు."

బావ చేతులు బల్ల మీద ఆనించి ఖాళీ గుడిసెల వైపు చూస్తూ ఉండిపోయాడు. మాస్టారూ జనరలూ గొడుగులు విప్పుకుని కిక్కురుమనకుండా వెళ్ళిపోయారు.

రెండ్రోజుల్లో తనే వస్తుందన్నాడు బావ. రాకపోతే నెలాఖరుకి వస్తుందన్నాడు. కోపంతో ఊగిపోయేవాడు, మళ్ళీ ఆమె చీర ఏదో బీరువాలో కనపడితే మెత్తబడేవాడు. బల్ల కింద ఆమె పెట్టి వెళ్ళిన సెట్లు ఉన్నంతకాలం పని నడిచింది. అవి అయిపోయాక బావే మైనం పట్టుకున్నాడు. డాక్టర్లు సెట్లు వెనక్కి పంపడం మొదలుపెట్టారు. ఒకరికి నోరు మూతపడటం లేదు, ఇంకొకరు నవ్వితే ఏడ్చినట్టుంది. బావ ఆ సెట్లని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసేవాడు. ఎక్కడ తేడా ఉందో ఆయనకి కనపడేది కాదు. నాకూ కనపడేది కాదు.

నేను అక్కకి ఫోన్ చేశాను, పనిచేసే చోట మేడ మీద నిలబడి, దొంగతనం చేస్తున్నవాడిలా.

"ఎందుకు చెప్పలేదక్కా?"

"చెప్పాను కదరా. నువ్వూ అక్కడే కూర్చున్నావు. వెళ్దామనుకుంటున్నానని చెప్పాను. మీ బావ కూర అడిగాడు."

"మళ్ళీ చెప్పాల్సింది."

"ఎన్నిసార్లు చెప్తే మాట అవుతుందిరా?"

 "పోనీ, ఆ పెట్టెలు నాతోనే ఎందుకు మోయించావు?" అన్నాను. కళ్ళు తుడుచుకున్నాను.

"నువ్వు కాక నాకు మోసేవాళ్ళెవరున్నారు?" అంది. ఆమె కూడా ఏడుస్తోందని తెలిసింది.

"ఇప్పుడు నేను ఎటువైపు అక్కా?"

"పిచ్చాడా. ఎటూ ఉండకు. బావకి మందులు అందిస్తున్నావా? రక్తపోటు మాత్ర మర్చిపోతాడు."

ఫోన్ పెట్టేశాను. వదిలేసి వెళ్ళినావిడ మాత్రల గురించి అడుగుతోంది. ఆవిడ వదిలేసిన మనిషి ఆమె చీర మడత పెడుతున్నాడు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక, కిందికి దిగి చెడిపోయిన లిఫ్టుని ఒక తన్ను తన్నాను.

వానలు వెనకబట్టిన ఒక ఆదివారం ఇంటికొచ్చేసరికి బావ ఒక్కడే బల్ల మీద దుప్పటి పరిచి కొండలు పెట్టాడు. ఎర్రకోట్ల పటాలాన్నంతా బారులు తీర్చాడు, జనరల్ ఫిరంగులతో సహా. నాకు భయం వేసింది, మనిషికి తేడా చేసిందేమోనని. ఆయన తన కుర్చీ వదిలేసి అవతలి పక్కకి వెళ్ళి కూర్చున్నాడు. గడ్డం బల్లకి ఆనేలా వంగి, బొమ్మల ఎత్తుకి కళ్ళు తెచ్చి చూశాడు.

"ఇలా రా," అన్నాడు. "ఇక్కణ్ణించి చూడు."

పక్కన వంగి చూశాను.

"అన్నీ తుపాకులే కనపడుతున్నాయి కదరా," అన్నాడు. "మొహాలు కనపడట్లేదు. నేనెక్కడున్నానో కూడా తెలియట్లేదు."

 ఆయన లేచి ప్లాస్టర్ గిన్నె తీసుకుని, పొడిలో నీళ్ళు పోసి కలపడం మొదలుపెట్టాడు, ఏదో అచ్చు పోయాలన్నట్టు. కలుపుతూ కలుపుతూ ఆగి, ఫోన్ అందుకున్నాడు. ఆయన అక్కకి ఫోన్ చేయడం అదే మొదటిసారి.

"నేనే," అన్నాడు. "ఏమీ లేదు. అక్కడ పనెలా ఉందో చెప్తావేమోనని."

ఆమె చెప్పింది. చాలాసేపు చెప్పినట్టుంది. బావ మధ్యలో మాట్లాడలేదు. ఊఁ అన్నాడు, అవునా అన్నాడు, "మైనం ఎక్కణ్ణించి తెప్పిస్తారు?" అని అడిగాడు. పెళ్ళాం చెప్పేది ఆయన అంతసేపు వినడం నేను అంతకుముందెప్పుడూ చూడలేదు. గిన్నెలో ప్లాస్టర్ చిక్కబడింది, గట్టిపడింది. కలిపిన ప్లాస్టర్‌ని వదిలేయడం ఆయన చేతిలో ఎప్పుడూ జరగలేదు. నేను గిన్నె వైపు చూపించాను, ఆయన చూడలేదు.

"రమ్మంటే వస్తాను," అన్నాడు చివరికి. తర్వాత మళ్ళీ వినడం మొదలుపెట్టాడు. "సరే," అన్నాడు. ఆగి, ఇంకోసారి, "సరే," అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

"ఏమంది బావా?"

"రావచ్చంది. తన సెక్షన్‌లోనే ప్లాస్టర్ పని ఉందట. తను చెప్పినట్టు చెయ్యాలట. బోర్డూ గీర్డూ ఉండదట."

"మరి చేస్తావా?"

బావ గిన్నె బోర్లించి తట్టాడు. ప్లాస్టర్ ముద్ద బండరాయిలా ఊడి, దుప్పటి మీద బొమ్మల మధ్య పడింది. నాలుగైదు ఎర్రకోట్లు వెల్లకిలా పడ్డాయి. ఆయన వాటిని లేపలేదు. 

"చెయ్యాలనే ఉంది. ఎలా చెయ్యాలో తెలీదురా. ఒకళ్ళు చెప్పినట్టు చేస్తూ, పేరు ఇంకోళ్ళదవుతుంటే నోరు మూసుకుని..." నా భుజం పట్టుకున్నాడు. ఆటపట్టిస్తున్నాడేమోనని మొహంలోకి చూశాను. కాదు. నిజంగానే అడుగుతున్నాడు. "నువ్వు చెప్పు. ఈ ఇంట్లోనే ఉన్నావుగా. ఇన్నేళ్ళూ మీ అక్క ఎలా చేసింది?"

నాకు తెలియదన్నాను. నేను కూడా ఎప్పుడూ ఆమెని అడగలేదు.